నసూనా మధ్యాహ్నపు బండి

కంపాలాలో కిసాసి రోడ్డు మీద నసూనా హోటలు ఎక్కడని అడిగితే, "పొగ వచ్చే వైపు పో, తిట్లు వినపడే చోట ఆగు" అనేవారు. రేకుల కప్పు, నాలుగు బల్లలు, వెనకాల మూడు బొగ్గుల పొయ్యిలు, అంతే ఆ హోటలు. జనం వచ్చేది లువోంబో కోసం. అరిటాకును సెగకు చూపి మెత్తబరచి, అందులో కోడి ముక్కలో చేప ముక్కలో పెట్టి, వేరుశెనగ గుజ్జు పోసి మూటకట్టి, మధ్యాహ్నం దాకా ఆవిరి మీద ఉంచేది. ఆకు విప్పితే వచ్చే వాసనకి, అప్పటిదాకా ఆమె తిట్టిన తిట్లన్నీ మరిచిపోయేవాళ్లు.

ఆ వంట మేనత్త దగ్గర నేర్చుకుంది. పెళ్లైన కొత్తలో ఓ గారేజీ గోడ పక్కన ఒక్క గిన్నెతో మొదలుపెట్టి, మెకానిక్కులకు వడ్డిస్తూ ఈ రేకుల కప్పు దాకా వచ్చింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం.

అలాంటి మనిషి దగ్గరికి ఓ రోజు, ఫోన్లో భోజనాలు తెప్పించే కంపెనీ నుంచి కెబిరుంగి అనే అమ్మాయి వచ్చింది.

"అమ్మా, మీ వంట ఈ వీధికే ఎందుకు? ఊరంతా తినొద్దూ?" అంది.

ఊరంతా అనే మాట నసూనాకి నచ్చింది. సరేనంది.

మొదట్లో బాగానే సాగింది. ఆమె ఎన్నడూ చూడని మనుషులు ఆమె వంట తిన్నారు. ఎక్కడో కొండ మీది ఆసుపత్రిలో పనిచేసే ఓ నర్సు వారానికి రెండుసార్లు తెప్పించుకుని, "గుజ్జు ఇంకాస్త ఎక్కువ వెయ్యి తల్లీ" అని ఫోన్లో రాసేది. వాన కురిసి బల్లలు ఖాళీగా ఉన్న రోజున కూడా గిన్నెలు ఖాళీ అయ్యేవి. "ఇదేదో దేవుడిచ్చిన ఫోనే" అని నసూనా మురిసిపోయింది.

ఆ తర్వాత కంపెనీ తన వాటా పెంచింది. చేసేది లేక నసూనా ఫోన్లో ధర పెంచింది. దాని మీద కంపెనీ చేరవేతకని కొంత, సేవకని కొంత, వాన పడితే ఇంకొంత వేసుకుంది. ఈ సంగతులేవీ పొయ్యి దగ్గరున్న మనిషికి తెలియవు.

తెలియజెప్పింది నకయిజా. రోడ్డుకు అటువైపు కుట్టుమిషను పెట్టుకున్న పిల్ల, ఏళ్ల తరబడి ఆ బల్ల మీదే తిన్న పిల్ల. ఓ శుక్రవారం ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తా, బాగా బలిసిపోయావే! ఈ రెండు ముక్కలకి అంత గుంజుతావా?"

"ఎంత గుంజానే నోటిదానా?"

నకయిజా ఫోను చూపించింది. బల్ల మీద తింటే అయ్యేదానికి దాదాపు రెండింతలు. నసూనా విరుచుకుపడింది.

"రోడ్డు దాటి రావడానికి నీకేం రోగమే?"

"పెళ్లిళ్ల రోజులు అత్తా. ఒక్కొక్కత్తీ వచ్చి నెత్తి మీద నిలబడుతుంది. మిషను మీంచి లేస్తే బట్టలెవరు కుడతారు, నువ్వు కుడతావా? ఫోను నొక్కితే తిండి వస్తోంది. నువ్వు ఏనాడైనా పంపించావా?"

ఆ మాట సూటిగా తగిలింది. పంపించలేదు. తినాలంటే వాళ్లే వస్తారనుకుంది.

మర్నాడు గుమ్మం బయట బోడా అనే కిరాయి మోటారుబండి మీద కూర్చుని ఆర్డరు కోసం ఎదురుచూస్తున్న సెంతోంగో దగ్గరికి వెళ్లింది. ఆ కంపెనీకి భోజనాలు మోసేవాళ్లలో అతనొకడు.

"ఒరేయ్, మధ్యాహ్నం పూట నాకు మోస్తావా?"

"కంపెనీ ఫోను ఆపేస్తే నా గతేంటమ్మా?"

"రోజంతా ఆపమన్నానా? భోజనాల వేళ మాత్రం నాది. కూలిస్తాను, కడుపునిండా పెడతాను."

"తిట్లు కూడానా?"

"అవి ఉచితం."

సెంతోంగో నవ్వి ఒప్పుకున్నాడు. కావలసినవాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి. మధ్యాహ్నం బండి ఒకే చుట్టు తిరుగుతుంది. భోజనం ధర బల్ల మీది ధరే, మోసినందుకు మాత్రం కొంచెం. కబురు వీధంతా పాకింది.

మొదటి వారం అంతా గందరగోళమే. చేప అడిగినవాడికి కోడి వెళ్లింది. ఓ గుమస్తా తన వాకిట్లో బండి నిలబెట్టి, చిల్లర లేదంటూ జేబులు తడుముకునేసరికి మిగతావాళ్ల భోజనాలు చల్లారాయి. ఇక ఇలా కాదని నసూనా తనే ఒళ్లో బుట్ట పెట్టుకుని, పొడవాటి బుసూటి గౌను సర్దుకుని, బండి వెనక పక్కవాటుగా ఎక్కింది.

రోడ్డు రోడ్డంతా ఈలలు వేసింది.

"ఏం పెద్దమ్మా, అత్తారింటికా?" అని అరిచాడు రొట్టెలవాడు.

"నీ పెళ్లికే! తిండి నాది, పెళ్లికూతుర్ని నువ్వు వెతుక్కో!"

అలా ఓ వారం తిరిగాక ఏ వాకిట్లో ఆగాలో, ఎవరు కిందికి దిగొస్తారో, ఎవరు బద్ధకిస్తారో ఆమెకు తెలిసిపోయింది. బద్ధకించేవాళ్ల భోజనం చివర్న పెట్టమంది సెంతోంగోతో. వాళ్లూ దారికొచ్చారు.

ఆర్డర్లు ఎందుకు తగ్గాయో అడగడానికి కెబిరుంగి మళ్లీ వచ్చింది.

"ఫోన్లోంచి పోతే మీరు ఎవరికీ కనపడరమ్మా."

"తల్లీ, నువ్వు మంచిదానివే. నీ ఫోనూ మంచిదే. కానీ రోడ్డు దాటించినందుకు నా పిల్ల దగ్గర అంత తీసుకుంటే, ఆ దొంగతనంలో నాకూ వాటా ఉన్నట్టే. నా పేరు తీసెయ్."

కెబిరుంగి తల ఊపింది. పోతూ పోతూ రెండు లువోంబోలు కొనుక్కుంది, బల్ల ధరకే.

పేరు తీయించిన రోజు నసూనాకు ఒక్క సంగతే కలుక్కుమంది. ఆ కొండ మీది నర్సు. ఆమె పేరు తెలియదు, మొహం తెలియదు. ఇక్కడి నుంచి బండి అంత దూరం పోదు. గుజ్జు కలిపేటప్పుడు కొన్నాళ్లపాటు ఆమె గుర్తొచ్చేది.

వీధి మాత్రం నసూనాను వదల్లేదు. చేపల పులుసు వండే ఆవిడ వచ్చి, "నా పొట్లాలూ నీ బుట్టలో వేసుకో" అంది. రొట్టెలవాడూ చేరాడు. ఒక్క బండి చాలక సెంతోంగో తన తమ్ముణ్ణి తెచ్చాడు. మధ్యాహ్నం పూట కంపెనీ ఫోను ఇద్దరి జేబుల్లోనూ నిద్రపోయేది.

ఆ తర్వాత పెట్రోలు పెరిగింది. మోతకూలి పెంచక తప్పలేదు. నసూనా ఆ మాట ఎవరిచేతా చెప్పించలేదు. భోజనం తనే పట్టుకుని రోడ్డు దాటి, మిషను పక్కన నిలబడి చెప్పింది.

నకయిజా సూది ఆపింది. "నువ్వూ ఆ ఫోనువాళ్లలాగే తయారయ్యావు అత్తా."

"వాళ్లని తిట్టాలంటే మనిషి దొరకడు. నేను ఎదురుగా ఉన్నాను. తిట్టు."

నకయిజా మొహమాటం లేకుండా తిట్టింది. పెట్రోలుని, సెంతోంగోని, అతని తమ్ముణ్ణి, అత్తని, వరసగా. నసూనా గోడకానుకుని అన్నీ విన్నది. అంతా అయ్యాక ఆ పిల్ల ఆకు విప్పి, వేలితో గుజ్జు నాకి, "ఇవాళ ఉప్పు కాస్త తక్కువైంది" అంది.

"తక్కువేం కాలేదు, నీ నాలుకే మొద్దుబారింది" అని నసూనా రోడ్డు దాటి వెనక్కి వచ్చి, పొయ్యి మీది గిన్నెలో గుజ్జు రుచి చూసి, చిటికెడు ఉప్పు వేసింది.