తీగ ఆగిన చోట గుంజ

ఆ దీవిలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వెనకాల అందరూ కుదరదమ్మ అంటారు. మునిసిపల్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు చూసి అనుమతులిచ్చే సీటు ఆవిడది. అరుగు కాస్త ముందుకు జరుపుకుంటామన్నా కుదరదు, దిబ్బ మీద చిన్న టీ కొట్టు పెట్టుకుంటామన్నా కుదరదు, మేడ మీంచి సముద్రం కనపడటం లేదు, కాస్త ఇసుక తోయించుకుంటామంటే కుదరనే కుదరదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో విచారం ఉండదు, మొహమాటం ఉండదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పి మళ్లీ పనిలో పడుతుంది. అడగడానికి వచ్చినవాడు మెట్లు దిగుతూ ఆవిడ వంశాన్నంతా తలుచుకుని పోతాడు.

తిట్టేవాళ్లకేం, నోరు ఊరికే వచ్చింది. తాము నిలబడ్డ నేల ఏమిటో తెలిసి తిడితే బాగుండేది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పునీటి మడుగు, మధ్యలో సన్నగా పొడుగ్గా పడి ఉన్న ఇసుక. అంతే ఆ దీవి. అడుగున రాయి లేదు, బండ లేదు. సముద్రం వైపు దిబ్బలు, దిబ్బల వెనక ఇళ్లు, ఇళ్ల కింద ఇసుకలో నిలిచిన కాసిని మంచినీళ్లు. ఆ దిబ్బలు గాలికి ఎగిరిపోకుండా పట్టుకుని ఉన్నది పాకే తీగ ఒక్కటే. మడుగు అవతల ఒడ్డున ఉన్న పెద్ద ఊరికి తుఫాను మొదటి దెబ్బ తగలకుండా అడ్డంపడేది కూడా ఈ ఇసుకే. ఇంత ఉంటే, "ఇసుకే కదండీ, ఎంత తవ్వినా ఊరుతుంది" అనే పెద్దమనుషులు ఆ దీవిలో వీధికొకరు ఉన్నారు. వినేవాళ్లకే ఒళ్లు మండే మాట అది. ఆవిడకి మండిందంటే వింతేముంది?

ఆవిడకి ఇంకో కారణం కూడా ఉంది. ఆవిడ ఇంకా బడికి పోయే రోజుల్లో దక్షిణపు కొసన ఒక షావుకారు, వరండాలో కూర్చుంటే అలలు కనపడాలని, బంగళా ఎదుట దిబ్బని చదును చేయించాడు. ఆ ఏటి తుఫానుకి సముద్రం దారి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ సందులోంచి లోపలికి వచ్చి, ఇళ్ల మీదుగా వెళ్లి మడుగులో కలిసింది. షావుకారు బంగళా కాంక్రీటుది కాబట్టి నిలిచింది. వెనక వరసలో ఇళ్లు పోయాయి. వాటిలో ఆవిడ పుట్టిల్లు ఒకటి. తమ్ముణ్ణి చంకనేసుకుని ఆవిడ గొంతుదాకా నీళ్లలో నడిచింది. ఇంట్లోవాళ్లందరూ బతికారు గానీ బావి మాత్రం చచ్చింది. ఇవాళ్టికీ అక్కడ చేద వేస్తే వచ్చేది ఉప్పునీళ్లే. చంకలో ఉన్నవాడికి ఇదేమీ గుర్తులేదు.

ఆ తర్వాతే దీవి జనమంతా గొడవచేసి నిబంధన తెచ్చుకున్నారు. దిబ్బని తవ్వకూడదు. దిబ్బ అంచు నుంచి వెనక్కి చెప్పినంత స్థలం వదిలాకే ఇటుక పెట్టాలి. మరి దిబ్బ అంచు ఎక్కడ? ఇసుక ఒకచోట కుదురుగా ఉండదే! ఏటా అటో ఇటో జరుగుతూనే ఉంటుంది. అందుకని తీగనే కొలతగా పెట్టుకున్నారు. గాలివానల కాలం దాటగానే ఆవిడ దీవి పొడుగునా నడుస్తుంది, వెనక గుంజలు మోసే కూలీలు. ఎవరి స్థలం ఎదుట వాళ్లు నిలబడి చూస్తుంటారు. సముద్రం వైపు చిట్టచివరి తీగని ఆవిడ వంగి పట్టుకుని లాగుతుంది. ఊడి చేతిలోకి వచ్చిందా, అది ఊరికే పాకిన తీగ, లెక్కలోకి రాదు. రాలేదా, వేరు దిగినట్టు. అక్కడ గుంజ పడుతుంది. పడ్డ గుంజని ఏడాది దాకా కదపడానికి చైర్మన్‌కి కూడా హక్కులేదు. ఆవిడ లాగి చూశాక మారుమాట్లాడినవాడు ఇంతవరకూ లేడు. ఆవిడని తిట్టేవాళ్లు కూడా ఆ చేతిని నమ్మారు.

ఉత్తరపు కొసన బయటి ఆసామి ఒకడు హోటల్ కడదామని స్థలం కొన్నాడు. కిందటేడు కొలిస్తే వదలాల్సింది వదిలాక వాడికి మిగిలింది కారు పెట్టుకునేంత చోటు. ఆవిడ కుదరదంది. ఈ ఏడు వెళ్లేసరికి అక్కడ తీగ సముద్రం వైపు ఎంతో దూరం వచ్చి, పచ్చగా పరుచుకుని ఉంది.

"ఇదేంటి, ఇంత ముందుకొచ్చింది?" అంది ఆవిడ.

"తీగలు నాటమని మీరేగా మేడమ్ అందరికీ చెప్తుంటారు. నాటించాం. నీళ్లు పోయించాం" అన్నాడు హోటల్ ఆసామి చేతులు కట్టుకుని.

నిజమే. బడికి వెళ్లి, వీధివీధీ తిరిగి, తీగ నాటండని గొంతు పోయేలా చెప్పింది ఆవిడే. ఇన్నేళ్లకి ఒక డబ్బున్నవాడు ఆ మాట చెవిన పెట్టాడని లోపల సంతోషం కూడా వేసింది. వంగి లాగింది. రాలేదు. రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు. గుంజ వెయ్యమంది. ఆ లెక్కన హోటల్ పునాది సరిగ్గా దిబ్బ నడుం మీద పడుతుందని తెలుసు. తెలిసినా ఏం చేస్తుంది, గుంజ నుంచి వదిలినంత మేరే నిబంధనకి దిబ్బ, లెక్క లెక్కే.

ఆ తర్వాతే ఆఫీసులో చిత్రాలు మొదలయ్యాయి. ఎప్పుడూ ముఖం మాడ్చుకుని వచ్చేవాళ్లు నవ్వుతూ రావడం, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించడం. టీ తెప్పించమంటారా అని ఒకడు. ఇంటికొచ్చి మాట్లాడమంటారా అని ఇంకొకడు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. చివరికి ఐసు దుకాణం ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ తమ్ముడికి చేసినట్టే మాకూ చెయ్యండమ్మా, మేమేమన్నా పరాయివాళ్లమా?" అన్నాడు. హోటల్ పని తమ్ముడికొచ్చిందని ఆవిడకి ఆయన నోటే తెలిసింది.

సాయంత్రం తిన్నగా తమ్ముడింటికి పోయింది. తమ్ముడు తాపీ మేస్త్రీ, కింద ఒక జట్టు ఉంది. ముందుగది నిండా వాడి సామానే. ఫ్రిజ్‌కి ఆనించిన మట్టపు కర్ర, సిమెంటు గారకట్టిన బకెట్లు, తలుపు వెనక పారలు. మరదలు మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు తాపీ కడుగుతున్నాడు.

"ఏరా, ఆ హోటల్ పని నీదేనటగా?"

"నాదే. అదేంటక్కా, ఇప్పుడు కొత్తగా అడుగుతున్నావ్? నువ్వు గుంజ వేసినప్పుడే ఖాయమైపోయిందిగా."

"నా గుంజకీ నీ పనికీ ఏంట్రా సంబంధం?"

మరదలు కిసుక్కున నవ్వింది. "చాల్లే వదినా, ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఏంటిది?"

తమ్ముడు చెప్పేశాడు. సిగ్గుపడుతూ కాదు, వీపు తట్టమన్నట్టు చెప్పాడు. గోనె సంచుల్లో తోటమట్టి, ఎరువు కలిపి కూరి, ఇసుకలో వరసగా పాతింది వాడి జట్టే. ఆ సంచుల మూతుల్లో తీగ నాటారు. వేళ్లన్నీ సంచిలోనే అల్లుకున్నాయి. లాగితే సంచి బరువుకి తీగ రాదు. ఇసుకని పట్టుకున్న వేరు అక్కడ ఒక్కటీ లేదు.

"ఆ రోజు జనంలోనే ఉన్నాను, నువ్వు లాగగానే కనిపెట్టేశావనుకున్నా. రెండోసారి లాగినప్పుడు నా ప్రాణం పోయిందనుకో. అప్పుడు గుంజ వెయ్యమన్నావ్. పోనీలే, తమ్ముడి కోసం అక్క ఒక్కసారైనా చూసీ చూడనట్టు పోయింది అనుకున్నా. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో తెలుసా?"

మోసపోయానని తెలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఆవిడకి వచ్చింది ఆ కోపం కాదు. సొంత తమ్ముడు తనని దొంగ అనుకున్నాడు. అనుకుని సంతోషపడ్డాడు!

"నిన్ను చంకనేసుకుని ఆ నీళ్లలో నడిచింది ఇందుకాట్రా?"

"మళ్లీ మొదలెట్టావా ఆ నీళ్ల కథ! నాకు గుర్తులేదంటే వినవేం? పనుల్లేక అరుగుల మీద కూర్చున్న నా జట్టు గుర్తుంది నాకు. వాళ్ల పిల్లలు గుర్తున్నారు. నువ్వు ప్రతిదానికీ కుదరదు కుదరదు అంటుంటే ఈ దీవిలో తాపీ పట్టుకున్నవాడు ఏం తినాలి?"

ఆవిడ గుమ్మం వైపు నడిచింది. చెప్పులు వేసుకుంటూ, "ఆ గుంజ పీకించేస్తాను" అని మాత్రం అంది.

మర్నాడు చైర్మన్ గదిలో ఆయన అంతా విని, నింపాదిగా నీళ్లు తాగి గ్లాసు మీద మూత పెట్టాడు.

"నిబంధన ఏమంటోందమ్మా? వేరు దిగిన తీగ అంటోంది. దిగింది. సంచిలో దిగిందా, ఇసుకలో దిగిందా అని ఎక్కడా లేదు."

"ఇంత దొంగబుద్ధి పుడుతుందని అప్పుడు ఎవరికీ తోచలేదండీ."

"ఒకటే దారి. గుంజ వేసిన మనిషే ఆ చోటికొచ్చి, అందరి ముందూ, తప్పు వేశానని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లు మళ్లీ జన్మలో గుంజ వెయ్యకూడదు. ఈ సీట్లోకొచ్చాక ఆ షరతు పెట్టించింది కూడా మీరే కదా, ఎవరూ లంచానికి గుంజలు జరపకూడదని." ఆయన గొంతు తగ్గించాడు. "మీరు తప్పుకుంటే వచ్చేవాడు ఎవడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడు తీగలు లాగడు, చెయ్యి చాపుతాడు. ఒక్క హోటల్ పోనివ్వండి. మిగతా దీవిని చూసుకోండి."

ఆ మాటలో పస లేకపోలేదు. అందుకే ఆవిడకి ఇంకా మండింది. పనికిమాలిన మాటైతే కుదరదని లేచి వచ్చేసేది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని కెలికి వదిలేసింది. ఆ గుంజ అక్కడే ఉంటే వచ్చే ఏడు ప్రతి ఇంటిముందూ సంచులే ఉంటాయి. తను వంగి లాగుతుంటే జనం పక్కకి తిరిగి నవ్వుకుంటారు. అలాంటి చెయ్యి ఉంటే ఏమిటి, ఊడితే ఏమిటి?

పొద్దున్నే చైర్మన్‌నీ కూలీలనీ వెంటబెట్టుకుని ఉత్తరపు కొసకి వెళ్లింది. కబురు ముందే పాకినట్టుంది, సగం దీవి అక్కడే ఉంది. తమ్ముడి జట్టు పునాదికి తాళ్లు కడుతోంది. హోటల్ ఆసామి కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ గుంజ తప్పు. వేసింది నేనే" అంది ఆవిడ గట్టిగా. "ఈ తీగ ఇసుకలో లేదు. సంచుల్లో ఉంది."

"వాటా తేలలేదేమో!" అన్నాడు గుంపులోంచి ఎవడో. నలుగురు నవ్వారు.

"ఎవడ్రా అది? ముందుకొచ్చి అను!" ఆవిడ అరుపుకి నవ్వులాగిపోయాయి. "వాటా కావాల్సినదాన్నయితే మీ అందరి ఇళ్లూ ఇప్పుడు దిబ్బ మీదే ఉండేవి. ఒక్క తుఫానుకి కట్టగట్టుకుని మడుగులో తేలేవాళ్లు! సిగ్గులేకపోతే సరి, బుద్ధయినా ఉండొద్దూ?"

"సంచులంటున్నారు మేడమ్. ఎక్కడున్నాయి, చూపించండి" అన్నాడు హోటల్ ఆసామి.

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. వాడు తాడు ముడి చూసుకుంటున్నాడు. ఆవిడ మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులా ఇసుక తోడటం మొదలెట్టింది. అల్లుకుపోయిన తీగల్లో మొదలు ఎక్కడో తెలియదు, ఎంత తోడినా ఇసుకే. పక్కన ఇంకోచోట తోడింది. ఇసుకే. గోళ్లలోంచి నెత్తురు వచ్చింది. జనంలో మళ్లీ గుసగుసలు లేచాయి. ఆవిడ చీర చెంగు నడుముకి బిగించుకుని మూడోచోటికి పాకింది.

"అక్కడ కాదక్కా, ఇంకా ఇటు!"

తమ్ముడు అనేశాడు. అన్నాక నోరు మూసుకున్నాడు గానీ అప్పటికే సగం దీవి విన్నది. హోటల్ ఆసామి వాణ్ణి నమిలి మింగేలా చూసి, కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"పార అందుకో. పాతినవాడివి నువ్వు, తియ్యాల్సినవాడివీ నువ్వే" అంది ఆవిడ.

తమ్ముడు పార అందుకున్నాడు. తడితడిగా, వేళ్లు అల్లుకున్న గోనె సంచులు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చాయి. ఆవిడ గుంజని తనే పీకి, వెనక పాత తీగ దగ్గర పాతించి, గుంజలు కొట్టే సుత్తిని ఇక తనది కాదన్నట్టు చైర్మన్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూలీకిచ్చేశాడు.

"నా జట్టుని రోడ్డున పడేశావ్. పదిమందిలో నన్ను దొంగని చేశావ్." అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?"

"లేదు" అంది ఆవిడ. "మండుతూనే ఉంది. ఆ గోతులు చూడు. గాలి లేస్తే ముందు అందులోంచే కొరుకుతుంది దిబ్బని. పూడ్చు."

తమ్ముడు పార ఆవిడ కాళ్ల దగ్గర విసిరేసి వెళ్లిపోయాడు. జట్టంతా తాళ్లు చుట్టుకుని వాడి వెనకే పోయింది. తమాషా అయిపోయిందని జనం కూడా కాళ్లకంటిన ఇసుక దులుపుకుని ఇళ్లకు బయల్దేరారు. ఆవిడ పార తీసుకుని ఒక్కతే పూడ్చడం మొదలుపెట్టింది. హోటల్ ఆసామిని తిట్టింది, చైర్మన్‌ని తిట్టింది, తమ్ముణ్ణి తిట్టింది, వాణ్ణి అంతదాకా తెచ్చిన తన కుదరదుని కూడా తిట్టుకుంది. చివరి గొయ్యి పూడేదాకా ఆ నోరూ ఆగలేదు, ఆ చేతులూ ఆగలేదు.