పక్క సీట్లో పంతొమ్మిది రోజులు

ఇరవై ఒక్కేళ్ళ వయసులో నేను టెక్సస్‌లో, మోర్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున, ఏడాదిన్నర పాటు మిషనరీగా పనిచేశాను. మాది రాజమండ్రి. నా చిన్నప్పుడే అమ్మ ఆ సంఘంలో చేరింది, ఆమె వెనకే నేనూ. అక్కడ ప్లేనో అనే ఊళ్ళో నాకు జోడీగా వేసింది ఐడహో నుంచి వచ్చిన ఒక రైతు కూతుర్ని. నాకంటే ఏడాది చిన్నది. మిషనరీ అన్నాక ఒంటరిగా ఉండకూడదు. ఒకే గదిలో పడుకోవాలి, ఎక్కడికెళ్ళినా కలిసే వెళ్ళాలి. సొంత పేర్లతో పిలుచుకోకూడదు, అందరం ‘సిస్టర్’లమే. ఆరున్నరకి లేచి, ప్రార్థన, చదువు, పది దాటాక ఎండలో ఇళ్ళ తలుపులు కొట్టడం. పది తలుపులు కొడితే ఒకటి తెరుచుకునేది. అదీ ఎక్కువసార్లు మళ్ళీ మూయడానికే.

నాకు అక్కడి లైసెన్స్ లేదు కాబట్టి మిషన్ వాళ్ళిచ్చిన కారు ఆమే నడిపేది. మంచి డ్రైవరు. పదమూడేళ్ళకే పొలంలో ట్రాక్టర్ తోలిందట.

మేం కలిసిన రెండో వారంలో ఒక రోజు సిగ్నల్ దగ్గర ఆగాం. గ్రీన్ పడింది. కారు కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. తిరిగి చూస్తే ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు. పెదవులు ఏదో నములుతున్నట్టు ఆడుతున్నాయి. భుజం పట్టుకుని కుదిపాను. పది సెకన్లు పట్టిందేమో. “ఏంటి?” అంది, నిద్రలోంచి లేచినట్టు. తర్వాత ఏమీ జరగనట్టే ముందుకు పోనిచ్చింది.

రెండు వీధులు దాటాక ఒక షాపు పార్కింగ్‌లో ఆపించాను. స్టీరింగ్ మీద తల ఆనించి చెప్పింది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. మందులతో తగ్గిపోయాయి. డాక్టర్ సరే అన్నాకే మిషన్‌కి ఒప్పుకున్నారు. ఇక్కడికొచ్చాక మళ్ళీ మొదలయ్యాయి.

“ఎన్నిసార్లు?”

“మూడు. ఇది నాలుగోది. అన్నీ చిన్నవే.”

“మిషన్ ప్రెసిడెంట్‌కి చెప్పాలి కదా!”

“చెప్తే ఇంటికి పంపేస్తారు. మా ఊళ్ళో అందరూ నన్ను సాగనంపడానికి చర్చికి వచ్చారు. మా అన్నయ్య తన మిషన్ మధ్యలోనే తిరిగొచ్చేశాడు. వాడితో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా మాట్లాడరు.” నా చెయ్యి పట్టుకుంది. “ప్లీజ్. మందు వేళకి వేసుకుంటా. బాగా నిద్రపోతా. నువ్వు చెప్పనని మాటివ్వు.”

ఇచ్చాను.

అప్పట్నుంచి పక్క సీట్లో కూర్చోవడమే నా అసలు పనైపోయింది. రోడ్డు చూసేదాన్ని కాదు, ఆమె పెదాలు చూసేదాన్ని. మాట ఆగితే ఏదో ఒకటి అడిగేదాన్ని. మీ ఇంట్లో ఆవులెన్ని? మీ అమ్మ ఏం వండుతుంది? ఒక్క క్షణం జవాబు ఆలస్యమైతే నా చెయ్యి గేర్ మీదకి పోయేది. రాత్రి పడుకున్నాక, న్యూట్రల్ ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని మనసులో వెతుక్కునేదాన్ని. సోమవారం వీడియో కాల్‌లో అమ్మ, “ఏంటే, చిక్కిపోయావు?” అంటే, “ఎండలమ్మా” అన్నాను. నడిచి వెళ్దాం, బస్సు చూద్దాం అని ఆమెతో ఎన్నోసార్లు అన్నాను. ప్లేనోలో బస్సు ఎక్కి ఇళ్ళు తిరగడం జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ సిగ్నల్ దగ్గర జరిగినదానికి పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక తెలుగు అమ్మాయిని కలవడానికి బయల్దేరాం. మాస్టర్స్ చదువుకుంటున్న పిల్ల, చర్చి సంగతులు వినాలని తనే కబురు పెట్టింది. స్కూలు వదిలే వేళ. ఇళ్ళ మధ్య వీధిలో నెమ్మదిగానే వెళ్తున్నాం. ముందు, స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ పసుపు కోటు వేసుకుని చెయ్యెత్తి ట్రాఫిక్ ఆపుతోంది. ఐదారుగురు పిల్లలు బ్యాగులతో రోడ్డు దాటుతున్నారు.

“మీ అన్నయ్య ఇప్పుడేం చేస్తున్నాడు?” అని అడిగాను.

జవాబు లేదు. ఆమె కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది.

గేరు న్యూట్రల్‌లోకి తోసి, రెండు చేతులతో స్టీరింగ్ కుడివైపు లాగేశాను. ఇంజిను ఊరికే అరిచింది. టైరు కాలిబాట అంచు ఎక్కింది. ఎవరింటి ముందో ఇటుకలతో కట్టిన పోస్టుడబ్బాని గుద్ది ఆగాం. పసుపు కోటు ఆవిడ పిల్లల్ని రెండు చేతులా వెనక్కి తోసేస్తోంది. మాకూ వాళ్ళకీ మధ్య రెండు కార్ల పొడవు కూడా లేదు. ఒక పాప బ్యాగు రోడ్డు మీద పడి ఉంది. ఆ పాప నిలబడే ఉందని గ్రహించడానికి నాకు కాసేపు పట్టింది.

పక్కన ఆమె ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఈసారిది చిన్నది కాదు.

ఎదురింట్లోంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. నైటీ మీద చున్నీ. నేను నాకు తెలియకుండానే “దేవా, దేవా” అని తెలుగులో అరుస్తున్నానట.

“తెలుగమ్మాయివా? జరుగు. నేను నర్స్‌ని.” ఇంజిను ఆపి, బెల్టు తీసి, తల ఒక పక్కకి తిప్పి పట్టుకుంది. చేతి వాచీ చూసుకుంది. “నైన్ వన్ వన్‌కి కాల్ చేసి అంబులెన్స్ పిలువు. ఏ ఊరమ్మా మీది?”

“రాజమండ్రండీ.”

“మాది అమలాపురం.” అప్పుడే మా సంఘం పేరున్న నా నల్ల బ్యాడ్జి ఆవిడ కంట పడింది. మొహం కాస్త మారింది. ఆవిడా క్రైస్తవురాలే, వేరే సంఘం. మిగతా సంఘాల వాళ్ళ దృష్టిలో మాది తప్పుడు బోధ. “మీరా? సరే, బోధ సంగతి తర్వాత. ఈ పిల్లకిది మొదటిసారేనా?”

నేను ఆమె మొహం వైపు చూశాను. కొట్టుకోవడం తగ్గుతోంది. కనురెప్పలు ఆడుతున్నాయి. వింటోందో లేదో తెలియదు.

“నిన్నే అడుగుతున్నా. అంబులెన్స్ వాళ్ళు వస్తే నేనేం చెప్పాలి? మొదటిసారేనా?”

“కాదండీ. ఇంతకు ముందు నాలుగు, నాకు తెలిసి.”

“తెలిసే డ్రైవ్ చేయనిచ్చావా?”



హాస్పిటల్‌కి మిషన్ ప్రెసిడెంట్‌గారి భార్య వచ్చారు. అందరికీ అమ్మలాంటి మనిషి. కారిడార్‌లో కూర్చోబెట్టి అడిగారు. అంతా చెప్పాను, నేనిచ్చిన మాటతో సహా. ఆవిడ తిట్టలేదు. “పిల్లలకేమైనా అయ్యుంటే?” అని మాత్రం అన్నారు, చాలా మెల్లగా. తిట్టి ఉంటేనే బాగుండేది.

గదిలోకి వెళ్తే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

“మాటిచ్చావు” అంది.

“ఇచ్చాను.”

“మరి?”

“ఆ మాట ముందే తప్పాల్సింది” అన్నాను.  రెండో రోజు వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు. ఆయన నాతో చెయ్యి కలిపాడు. ఆమె మాత్రం కార్లో కూర్చుని సూటిగా ముందుకే చూసింది.

నన్ను ఇంటికి పంపలేదు. ఊరు మార్చి కొత్త జోడీతో వేశారు. వెళ్ళే ముందు ఆ నర్సు ఆంటీకి థాంక్స్ చెప్పడానికి వెళ్ళాను. లోపలికి పిలవలేదు గానీ గుమ్మంలోనే నిలబెట్టి మజ్జిగ ఇచ్చింది. “నీ కోసం ప్రార్థన చేస్తాను” అంది. మా మతంలోంచి నేను బయటపడాలని చేస్తుందని అర్థమైంది. తాగి గ్లాసు ఇచ్చేశాను.

ఐదు నెలల తర్వాత ఐడహో నుంచి ఈమెయిల్ వచ్చింది. మందు మార్చారట. ఊళ్ళోనే పేదలకి సరుకులు పంచే ఒక ఫుడ్ బ్యాంక్‌లో పనిచేస్తోందట. రోజూ వాళ్ళన్నయ్యే దింపుతాడట. దారంతా ఇద్దరూ మాట్లాడుకుంటారట. “నీ మీద కోపం ఇంకా పోలేదు” అని రాసింది. “కానీ విన్నదే తప్ప నేను చూడని ఆ పాప బ్యాగు నాకు కలలో వస్తోంది. అది ఏ రంగో నీకు గుర్తుందా?”

నాకు గుర్తు లేదు. అదే రాసి పంపాను.