గడియారం అడుగున ఉండే అంకె

గల్ఫ్‌కి రాకముందు నేను కోనసీమలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారిని. సున్నాని ప్రపంచానికి ఇచ్చింది మనమేనని ఏటా మొదటి క్లాసులో ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. డెబ్బైల చివర షార్జాలో స్టోర్‌కీపర్‌గా దిగి చూస్తే, ఆ సున్నా ఇక్కడి అరబ్బీ రాతలో చుక్కయి కూర్చుంది. గుండ్రంగా ఉన్నది ఐదట. మిగతా అంకెల గురించి ఎవర్నీ అడగలేదు. లెక్కల మాస్టారు అంకెలు నేర్పమంటే ఏం బాగుంటుంది? పోలికలు చూసి నాకు నేనే ఊహించేసుకున్నాను.

రెండో నెలలో మా కంపెనీ పనివాళ్ళని వీసా మెడికల్‌కి తీసుకెళ్ళాను. వాళ్ళు లోపలికి వెళ్ళాక బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒకావిడ, మా గోదావరి మనిషే, ఒక అరబ్బు ఇంట్లో పని చేస్తోంది. బడి మొహం చూడలేదట. ఆ రోజు మెడికల్ అవకపోతే గడువు దాటిపోతుందని, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తిరిగి ఊరికి పంపించేస్తానన్నాడని భయంగా చెప్పింది. నేను మాస్టారినని తెలియగానే కొంచెం ఎడంగా జరిగి కూర్చుంది. అది నాకు బాగానే ఉంది.

కిటికీలోంచి గుమాస్తా అరబ్బీలో ఏదో పిలిచాడు. ఆవిడ లేచింది.

"నన్నేనండి. అరవై ఆరు."

టోకెన్ తీసుకుని చూశాను. పక్కపక్కనే రెండు అంకెలు, రెండూ నేను బోర్డు మీద ఏళ్ళ తరబడి రాసిన ఏడులే.

"డెబ్బై ఏడమ్మా. కూర్చో. ఇంకా పదిమంది ఉన్నారు."

"ఇంట్లో గడియారం ముల్లు అడుక్కి దిగితే ఇదే ఉంటాదండి. అప్పుడే పిల్లలకి పాలిత్తాను."

"గడియారం వేరు, టోకెన్ వేరు" అన్నాను. అప్పుడు నేనన్నంత తెలివితక్కువ మాట నా క్లాసులో చివరి బెంచీవాడు కూడా అనలేదు. ఆవిడ కూర్చుంది.

కాసేపటికి గుమాస్తా ఖలాస్, ఇవాళ్టికి అయిపోయిందంటూ పుస్తకం మూసేశాడు. ఆవిడ అతనివైపు కాదు, నావైపు చూసింది. టోకెన్ పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తి, డెబ్బై ఏడుని ఇంకా పిలవలేదేమని హిందీలో దబాయించాను.

"ఇది అరవై ఆరు. ఎప్పుడో పిలిచాను" అన్నాడతను, హిందీలోనే. "మా బడిలో వీటిని హిందీ అంకెలంటారు, అంటే మీ ఇండియావని. నువ్వు హిందీవాడివి కాదా?"

పక్కవాణ్ణి పిలిచి మరీ చెప్పి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ నవ్వే అతన్ని మెత్తబరిచినట్టుంది. "యల్లా, పంపించు" అన్నాడు.

ఆవిడ మోచేతి మడత దగ్గర దూది అదుముకుంటూ బయటికి వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నీకు తెలుసు కదమ్మా, మరెందుకు కూర్చున్నావు?"

"సదువుకున్నోరు మీరు కూర్చోమన్నాక ఎలా లేత్తానండి?"

ఇంతలో ఆవిడ కోసం ఇంటి డ్రైవర్ వచ్చాడు. వచ్చీరాని హిందీలో అతనికి నన్ను చూపించి, ఈ మాస్టారుగారు గట్టిగా మాట్లాడబట్టే పనైందని చెప్పింది. ఎగతాళేమోనని ఆవిడ మొహం చూశాను. కాదు, నిజంగానే అంటోంది. డ్రైవర్ నాకు సలాం చేశాడు.

నేనూ తిరిగి సలాం చేశాను.