తప్పు పట్టేవారికో కుర్చీ

ఆయన ఏ సభకు వెళ్లినా చంకలో ఒక మడత కుర్చీ ఉంటుంది. అది ఆయన కూర్చోవడానికి కాదు. వేదిక మీద తన పక్కనే వేసి, "నా మాటల్లో తప్పు పట్టినవారు వచ్చి ఇందులో కూర్చోండి" అని చెప్పిగానీ ఉపన్యాసం మొదలుపెట్టరు. విశ్వాసం గురించీ విజ్ఞానం గురించీ మాట్లాడేవాడికి ఆమాత్రం భయం ఉండాలట. అందరూ ఆయన్ని కుర్చీగారు అంటారు.

ఆయన భార్యకు ఆ కుర్చీతో ప్రాణం విసిగిపోయింది. ఒకసారి తప్పు పడతానంటూ ఎక్కిన పళ్ల డాక్టరు గంటసేపు చిగుళ్ల గురించి మాట్లాడి దిగాడు. ఇంకొకాయన ఎక్కి కూర్చుని హాయిగా కునుకు తీశాడు. "పాపం, ఆయనకు తప్పేమీ దొరకలేదు" అని ఈయన మురిసిపోయారు.

ఈమధ్య నిజంగానే తప్పులు దొర్లుతున్నాయి. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందన్నారు ఒకసారి. చంద్రుడు తరిగేది భూమి నీడ వల్ల అన్నారు ఇంకోసారి. రెండుసార్లూ వెనక వరుసలోంచి, ఆయనకు చిన్నప్పుడు సైన్సు చెప్పిన మాస్టారు చేతికర్ర ఊపుతూ లేచారు. "తప్పురా" అంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని, అందరి ముందూ చీవాట్లు పెట్టారు.

సభల కార్యదర్శి ఇంటికే వచ్చాడు. "అమ్మా, ఈసారిది వార్షికోపన్యాసం. మళ్లీ తప్పు దొర్లితే ఇక ఆయన్ని పిలవలేం."

ఆవిడ వంటగదిలో మొగుణ్ణి నిలబెట్టింది. "చంద్రుడు ఎందుకు తరుగుతాడు?"

ఆయన తడుముకోకుండా సరిగ్గా చెప్పారు.

"మరి సభలో ఏమైంది?"

"వేదికెక్కితే తెలిసింది కూడా మర్చిపోతానోయ్."

"ఈసారి మర్చిపోతే ఇంటికి రాకండి."

సభ రోజున మాస్టారి కూతురు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "అమ్మ పోయాక నాన్న గడప దాటలేదక్కా. ఇప్పుడు కుర్చీగారి ఉపన్యాసం ఉందంటే పొద్దున్నే గడ్డం గీసుకుని తయారు. వాడికింకా నేను చెప్పాల్సింది చాలా ఉందే, అంటారు."

ఆవిడ వెనక్కి తిరిగి మాస్టారి వైపు చూసింది. వేదిక మీద ఆయన అద్భుతంగా మాట్లాడుతున్నారు. "దేవుడున్నాడా అంటే నమ్ముతానంటాను. నిరూపించమంటే నావల్ల కాదంటాను. ఈ రెండూ ఒకే నోటితో ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?" చప్పట్లు మోగాయి. తప్పు మాత్రం ఒక్కటీ రాలేదు. వెనక మాస్టారి తల కిందికి వాలిపోతోంది. ఒక్క తప్పు చెప్పండి మహానుభావా అని ఆవిడ లోలోపలే మొక్కుకుంది.

"విశ్వాసం ధ్రువనక్షత్రం లాంటిది. ఆకాశంలో అన్నిటికన్నా వెలుగు దానిదే."

"తప్పురా" అంటూ కర్ర లేచింది. మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "దానికన్నా వెలుగున్న చుక్కలు చాలా ఉన్నాయి. దాని గొప్ప వెలుగులో లేదు. ఉన్నచోటు నుంచి కదిలినట్టు కనబడదు, దారి తప్పినవాడికి అది చాలు."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. మొహం మాడ్చుకుని వచ్చిన కార్యదర్శితో ఆవిడే అంది, "వచ్చే ఏడాది పిలిస్తే కుర్చీతోనే పిలవండి. అది లేనిదే మావారు రారు." మొగుడి గురించి అంత గర్వంగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు.

దారిలో మెల్లగా అంది. "నాకంతా తెలిసిపోయింది. ఆ తప్పులు మాస్టారి కోసమే చెబుతున్నారు కదూ. ఇవాళ్టిదైతే సమయానికి భలే చెప్పారు."

ఆయన బుర్ర గోక్కున్నారు. "మొదటి రెండూ కావాలనే చెప్పానోయ్. నీకు భయపడి ఇవాళ ఒక్కటీ చెప్పకూడదనుకున్నాను. ఆ నక్షత్రం సంగతి నాకు నిజంగానే తెలియదు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక, ఆయన చంకలోని కుర్చీ లాక్కుని తనే మోసుకుంటూ నడిచింది.