బావ మీద పేల్చిన పిస్తోలు

కొలువు దొరికి పెండ్లి కాని ఆ నడుమ రోజులున్నయి చూడు, మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టేది అప్పుడే. మా లాల్‌దర్వాజా గల్లీల ఒకాయనకు పావురాల పిచ్చి, ఇంకొకాయనకు పతంగుల పిచ్చి. వాటికైనా ఒక అర్థముండేది, సాయంత్రం మిద్దె మీద నలుగురు జమయ్యేటోళ్లు. నాకు పట్టింది మాత్రం జేబుల పట్టే పాతకాలం పిస్తోళ్ల పిచ్చి. అరచెయ్యంత ఉంటయి. వెనకట నవాబులు కోటు జేబుల, బేగంలు చేతిసంచిల పెట్టుకొని తిరిగేటోళ్లట. (తిరిగిండ్రో లేదో నేను చూసిన్నా? అమ్మేటాయన చెప్పిండు, నేను నమ్మిన.) వారమంతా కార్ఖానాల మిషన్ మీద ఇనుము గీకి, సెలవు రోజు మల్లా ఇనుము కోసమే పత్తర్‌గట్టి ఎనక పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగేటోణ్ణి.

అట్ల దొరికిన మూడో పిస్తోలు ముచ్చట ఇది. మొదటి రెండూ ఉత్త డొక్కులు, మీట సుత కదలది. ఇది అట్ల కాదు. ఇత్తడి పిడి, దాని మీద సన్నని నగిషీ, మీట నొక్కితే చకుముకి రాయి పోయి ఇనుముకు టక్కున కొట్టుకొని నిప్పురవ్వ లేస్తది! లోపట మాత్రం మస్తు తుప్పు. అమ్మ నన్ను తిట్టుకుంటనే ఆ పిడిని చింతపండు పెట్టి, దేవుని దీపాలతోటి కలిపి తోమి ఇచ్చింది.

ఇగ నా షోకు చూడాలె. పొద్దున అద్దం ముంగట నిలబడి కణతకు పెట్టుకొని టక్. పక్కింటి తాతకు బీడీ ముట్టిస్తనని టక్. (ముట్టలే. తాత అగ్గిపెట్టెనే నమ్ముకున్నడు.) ఒక ఆదివారం అక్కా బావా వచ్చిండ్రు. బావ బస్సు కండక్టరు, నవ్విండంటే గల్లీ మొగదాక ఇనబడేది. అన్నం తిని మంచం మీద ఒరిగిన ఆ మనిషి ఛాతికి పిస్తోలు ఆనిచ్చి, "బావా, మా అక్కను సినిమాకు తోల్కపోతవా లేదా?" అన్న. రెండు చేతులు లేపి, "తోల్కపోత సర్కార్! బాల్కనీ టికెట్టే!" అన్నడు. నేను టక్కుమనిపిచ్చిన. రవ్వ లేచింది. బావ నాలిక బైటపెట్టి సచ్చినట్టు పడ్డడు. అక్క పడి పడి నవ్వింది. "మల్లొక్కసారి" అన్నడు బావ కండ్లు మూసుకొనే. మల్లొక్కసారి కొట్టిన.

ఆ తర్వాతి వారం, తుప్పు తీపిద్దామని కార్వాన్ బస్తీల ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయిన. తాతల కాలం నుంచి తుపాకులు బాగుచేసే ఇల్లు వాళ్లది. కూసుంటనే గొప్పగ మీట గుంజి, "చూడున్రి, రవ్వ ఎట్లొస్తదో" అన్న. "హాత్ నక్కో లగావ్!" అని ఒక్కటే అరుపు, చెయ్యి పెట్టకని. మెల్లగ నా చేతిలకెళ్లి దాన్ని తీసుకొని, గొట్టంల ఒక సన్న పుల్ల జొనిపిండు. ఎంత లోపటికి పోయిందో గోటితోటి గుర్తుపెట్టి, అదే పుల్లను గొట్టం బైట ఆనిచ్చి చూపిచ్చిండు. గొట్టం పొడుగుకు రెండు వేళ్ల మందం తక్కువొచ్చింది, అడుగున ఏదో అడ్డమున్నది.

"ఏందది ఉస్తాద్, తుప్పా?"

"గోలీ హై, మియా. దాని ఎనక బారూద్, తుపాకి మందు." ఆయన మొఖంల నవ్వు లేదు. "ఎవడో భయపడి నింపుకున్నడు. కాల్చే పని పడలే. అట్లనే పెట్టి పోయిండు."

"మరి నేను ఇన్నిసార్లు కొట్టిన గద, ఎందుకు పేలలే?" అని అడిగిన. నిప్పు లోపటికి పోయే రంధ్రం తుప్పుతోటి పూడిపోయిందట. "ఈ తుప్పును తిట్టకు. నీకన్న దానికే అకల్ ఉన్నది" అన్నడు. నూనెల నానబెట్టి, మూడు రోజులకు అంతా బైటికి తీసిండు. పింగాణి పళ్లెంల శనగగింజంత సీసం గుండు, ఇంత నల్లపొడి, గుండు జారకుంట కుక్కిన ఎర్ర గుడ్డపీలిక. ఎవరి పైటకొంగు చింపిండ్రో, ఎవరికి భయపడి చింపిండ్రో. గుండును చూస్తె రాని వణుకు ఆ గుడ్డను చూస్తె వచ్చింది.

పది రోజులు అన్నం సయించలే. ఆఖరికి బావ డ్యూటీ దిగే టైముకు పోయి, చాయ్ హోటల్ల కూసోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పిన. తంతడనుకున్న. ఆయన అంగీ గుండీల మీద చెయ్యి పెట్టుకున్నడు.

"రెండోసారి కొట్టుమన్నది నేనే గద" అన్నడు నిమ్మళంగ. జరసేపైనంక, "బామ్మర్దీ, ఈ ముచ్చట మీ అక్కకు చెప్పకు. తెలిస్తే అది నిన్ను నిజంగనే చంపుతది" అని హోటలంతా తిరిగి చూసేటట్టు నవ్విండు. నవ్వుతుంటే సాసర్ల చాయ్ ఒలికింది. ఇద్దరం ఇప్పటిదాక అక్కకు చెప్పలే.

పిచ్చి పోయిందా అంటే, పోలే. ఇంకో నాలుగు కొన్న. ఏది చేతికొచ్చినా ముందు పుల్ల, తర్వాతనే ముచ్చట. ఆ అలవాటు మెల్లగ అన్నిట్లకు పాకింది. పెండ్లిచూపులల్ల ఏది అడిగినా లోపల ఏమున్నదో చూసుకొని గాని జవాబియ్యలే. "పిలగాడు మస్తు నిదానం, పుట్టుకతోనే వచ్చిన గుణం" అని పిల్ల తండ్రి మురిసిపోయిండు. నలభై ఏండ్ల సంది మా ఆమె సుత అందరికీ గదే చెప్తది. పక్కన కూసొని నేను, ఔనన్నట్టు తల ఊపుత.