ఇసుక మాట నాదే

ఒక మాటను ఇన్నేళ్లుగా పంటి కింద రాయిలా మోస్తున్నాను. ఉమ్మలేదు, మింగలేదు. నువ్వు నన్నెరగవు కాబట్టి నీకు చెబుతాను.

సూర్యాపేటలో రాసేవాడి స్వేచ్ఛ మీద ఎక్కడ చర్చ జరిగినా మైకు నాకే ఇస్తారు. మిర్యాలగూడ సభలో నాయకుణ్ణి ముందు కూర్చోబెట్టి ఆయన మీదే చెణుకు విసిరానంటాను. మొదట్లో ఆయనొక్కడే ఉండేవాడు. చెప్పగా చెప్పగా పక్కన గూండాలు చేరారు, వాళ్ల చేతుల్లోకి కర్రలొచ్చాయి. నేను మాత్రం ప్రతిసారీ రొమ్ము విరుచుకునే నిలబడ్డాను. చప్పట్లు! ఈ వయసులోనూ వాటి కోసం ఎంత ఆకలి నాకు?

జరిగింది వేరు. నేను బడిపంతులుని, గొల్లసుద్దుల దళానికి కథలు రాసేవాణ్ణి. పాడేది లింగయ్య, తుంగతుర్తి వైపు గొర్ల కాపరి. గొంగడి భుజానేసుకుని గొంతెత్తితే కూర్చున్నవాడు లేచేవాడు కాదు. సుద్దుల్లో ఒక పద్ధతుంది. రాసిన కథ మధ్యలో, ఊరిని బట్టి, పాడేవాడు సొంత చెణుకులు కలుపుకుంటాడు. ఆ పద్ధతే నాకు అక్కరకొచ్చింది.

ఆ రోజు చెణుకు మాత్రం నేను రాసిచ్చిందే. లింగయ్య జంకాడు.

"లొల్లి అయితది సారూ."

"పాడు లింగయ్యా, నేనున్న గద."

పాడాడు. "వాగుల నీళ్లు మా గొర్లు తాగినయ్. ఇసుక ఎవలు తాగిండ్రో, గా ముందు కుర్సీల సారునడుగుర్రి!"

జనం విరగబడి నవ్వారు. నాయకుడు నవ్వలేదు. ఆయన మనిషి ఒక్కడు, వట్టి చేతులతో, స్టేజీ వెనక్కి వచ్చాడు.

"ఎవడు రాసిండు గిది?"

లింగయ్య నా వైపు చూశాడు.

"నా కథల గది లేదన్నా. గీ సుద్దులోళ్లు నోటికొచ్చింది కలుపుతరు" అన్నాను.

లింగయ్య గొంగడి మడత పెట్టుకున్నాడు. "సారు సెప్పినంక ఇగ నేనేం సెప్పాలె."

ఆ తర్వాత నాయకుడికి జడిసి అతన్ని ఏ ఊరూ పిలవలేదు. కోదాడకు దళం వేరే గాయకుడితో వెళ్లింది. కథ నేనే రాశాను. అవును, రాశాను. ఆ చెణుకు నాదేనని ఒప్పుకుని ఉంటే నాకు పోయేదేముంది, మహా అయితే బదిలీ. అతనికున్నది ఆ గొంతొక్కటే అని నాకు తెలియదా? తెలిసే అన్నానా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నాకు నచ్చే జవాబు దొరకదు.

మొన్న సభలో ఆ కథే చెబుతూ కర్రల దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో లింగయ్య కనిపించాడు. తల నెరిసింది. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. పోతూ పోతూ దగ్గరికొచ్చాడు.

"కర్రలు ఎప్పుడొచ్చినయ్ సారూ? నాకు యాదికి లేవు."

నేను నవ్వాను. అప్పుడు కూడా నవ్వాను.

గూండాలు లేరు. కర్రలు లేవు. ఒక్కడడిగాడు, నేను భయపడ్డాను. ఇసుక మాట రాసింది నేను.

ఇందులో ఏమీ కలపలేదు.