నా ప్యానల్‌ను నేనే కోయించిన

నాచారంల మా షెడ్డుల డ్రోన్ రెక్కలకు కార్బన్ ఫైబర్ ప్యానళ్లు జేస్తం. జిగురు పట్టించిన నల్లటి బట్ట లెక్క ఉంటది. పొర మీద పొర పరిచి పెద్ద ఓవెన్ల వెడితే గట్టిపడతది. ప్రతి పొరకు పల్చటి ప్లాస్టిక్ కాయిదం అంటుకొని ఉంటది. అది పీకి బకెట్ల ఎయ్యాలె. పొరలెన్నో, ఆఖరుకు బకెట్ల కాయిదాలు గన్ని ఉండాలె. అన్నం ముందట చేతులు కడుక్కున్నట్టే, మా కాడ ఇది ఎవ్వలు తప్పరు.

కొన్నేండ్ల కింద ఒక దినం, మొదటిసారి నేనొక్కదాన్నే ఒక ప్యానల్ జేసిన. మంచిగొస్తే పర్మినెంటు జేస్తమన్నరు. మూడేండ్ల సంది కాంట్రాక్టుల నలిగినదాన్ని, ఆశ ఉండదా మరి! బకెట్ల లెక్క సరిగ్గనే వచ్చింది.

ఓవెన్ల నుంచి తీసినంక చిన్న సుత్తెతోని కొట్టి సూస్తం. సంతల కుండ కొనేటప్పుడు కొట్టి సూడమా, గట్లనే. అంతట టంగుటంగుమన్నది. ఒక మూలకు రాంగనే డబ్బుమన్నది. లోపల పొరలు అంటుకోకుంటేనే గట్ల మోగుతది. సూపర్‌వైజర్ సార్ గూడ కొట్టి, "మూల మందం ఉంటది గదమ్మా, సప్పుడు గట్లనే వస్తది. పాస్ రాయి" అన్నడు.

రాస్తే అయిపోతుండె. కని గా రెక్క గాలిల ఇరిగి ఎవలి నెత్తిమీదనో పడితే? నా నోరు ఊకుంటదా!

"కోసి సూడున్రి సార్."

"లోపల ఏం లేకుంటే, మంచి ప్యానల్ ఖరాబు జేసినవని నీ పేరే రాస్త."

"రాయున్రి."

కోసిన్రు. నాలుగో పొర కింద వేలెడంత ప్లాస్టిక్. పీకేటప్పుడు చినిగి ముక్క లోపలనే ఉండిపోయింది. చినిగినదాన్నే నేను పూరా ఒకటని లెక్కవెట్టిన.

ఆ యేడు పర్మినెంటు నా పక్కామెకు వచ్చింది. ఉప్పల్ బస్సుల ఏడ్సుకుంట ఇంటికి వోయిన. మా ఆయన "కొరివితోని తల గోక్కున్నవ్ గదనే" అన్నడు. "గోక్కుంటె గోక్కున్న, పో" అన్న. ఏడుస్తున్న గని లోపల మస్తు గర్వంగనే ఉండె, అబద్ధమెందుకు.

నాకు ఇంకో రెండేండ్లకు వచ్చింది. ఇప్పుడు కాయిదాలు లెక్కవెట్టుడే గాదు, ఒక్కొక్కటి పరిచి అంచులు గూడ సూస్తం. కొత్తోళ్లు వస్తే సార్ ఆ కోసిన ముక్కను నా చేతికిచ్చి నేర్పమంటడు. మొన్న ఒకామె దాన్ని తిప్పి తిప్పి సూసి, "ఎవలక్కా గింత తప్పు జేసింది?" అని అడిగింది. సార్ నేల సూపులు సూసిండు. నేను మాత్రం షెడ్డంత ఇనబడేటట్టు జెప్పిన.

"నేనే బిడ్డా. పట్టుకున్నది గూడ నేనే."